చార్జింగ్ పోర్టులో తడి హెచ్చరిక: పోర్టు పొడిగా కనిపిస్తున్నా చుక్క గుర్తు పోవడం లేదు

వేళచ్చేరి వాన:
సభ్యులందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం జల్లులో ఫోను కొద్దిగా తడిసింది. నీళ్ళలో పడలేదు, చొక్కా జేబులోనే ఉంది. ఇంటికి వచ్చి చార్జింగుకు పెట్టగానే తెర మీద నీటిచుక్క గుర్తు వచ్చి, పోర్టులో తడి ఉన్నందువల్ల కేబుల్ తీసివేయమన్న హెచ్చరిక కనిపించింది. రాత్రంతా ఫ్యాను కింద ఉంచాను. పొద్దున టార్చి వేసి చూస్తే పోర్టు పొడిగానే ఉన్నది, కానీ కేబుల్ పెట్టగానే అదే గుర్తు, అదే మోత. ఫోను ఐపీ68 రకం, అంటే దుమ్మును, నీటిని తట్టుకుంటుందని గుర్తింపు ఉన్నది, కొని రెండేళ్ళు దాటింది. ఇంట్లో ఒకరు బియ్యంలో పెట్టమంటున్నారు, ఇంకొకరు హెయిర్ డ్రయ్యరు పట్టమంటున్నారు, ఆఫీసులో ఒకాయన ఫోను స్విచాఫ్ చేసి పెడితే చార్జింగు ఎక్కుతుందని చెబుతున్నారు. ఇందులో ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు, కారణంతో సహా ఎవరైనా చెప్పగలరా? బ్యాటరీ అడుగంటుతున్నది.

పెరంబూరు పిన్ని:
బియ్యం డబ్బాలో ఒక రాత్రి ఉంచు బాబూ. మా ఇంట్లో ఇద్దరి ఫోన్లు అలాగే బాగుపడ్డాయి. డబ్బా మూత మాత్రం గట్టిగా పెట్టు.

సర్క్యూటు మాష్టారు:
వేళచ్చేరి వాన గారూ, ముందుగా కేబుల్‌ను ఫోను నుంచి తీసి పక్కన పెట్టండి. మిగతా సంగతులన్నీ ఆ తరువాతే.

టైప్-సి పోర్టులో రెండు వరుసలుగా 24 పిన్నుల స్థానాలు ఉంటాయి. ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి దూరం అర మిల్లీమీటరు మాత్రమే. విద్యుత్తును మోసే వీబస్ పిన్నుల్లో ఒకదానిని ఆనుకుని సీసీ అనే పిన్ను, మరొకదానిని ఆనుకుని అదనపు సంకేతాలకు వాడే ఎస్‌బీయూ అనే పిన్ను ఉంటాయి. సీసీ పిన్ను పని చార్జరుతో మాట్లాడడం: కేబుల్ ఏ వైపు తిప్పి పెట్టారు, ఎంత వోల్టేజీ కావాలి అన్న బేరమంతా దాని మీదనే జరుగుతుంది. వీబస్ మీద మామూలుగా 5 వోల్టులు ఉంటాయి, వేగంగా చార్జి అయ్యే ఫోన్లలో 9 వోల్టులకో, ఇంకా పైకో వెళుతుంది. టైప్-సి చార్జింగుకు వోల్టేజీ హద్దులు పెట్టే పవర్ డెలివరీ ప్రమాణం ఒకప్పుడు 20 వోల్టుల దగ్గర ఆగేది, 2021లో 48 దాకా పెంచారు. తక్కువ వోల్టేజీ కోసం తయారైన సీసీ పిన్నుకూ, దాని పక్కనే ఉన్న వీబస్‌కూ మధ్య ఒక్క ఉప్పునీటి చుక్క చేరితే చార్జింగును నడిపే చిప్పే దెబ్బతినవచ్చు.

స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు పెద్దగా ప్రసరించదు. వాననీరు కూడా ఆకాశం నుంచి పడేటప్పుడు దాదాపు అంతే. కానీ జేబులోని చెమట, దుమ్ము, సముద్రపు గాలి పోర్టులో వదిలిన ఉప్పు అందులో కరిగిన మరుక్షణం అది మంచి వాహకం అవుతుంది. అప్పుడు వోల్టేజీ పెడితే ధనధ్రువంగా ఉన్న పిన్ను లోహం కరిగి నీటిలోకి పోవడం మొదలవుతుంది. పిన్ను మీద బంగారు పూత చాలా పలుచన, దాని కింద నికెలు, ఆ కింద రాగి మిశ్రమం ఉంటాయి. పూతలో ఎక్కడ సన్నని రంధ్రం ఉన్నా రాగి బయటపడి పచ్చటి చిలుము పడుతుంది. వోల్టేజీ లేకపోతే మెల్లగా సాగే ఈ పని, వోల్టేజీ ఉంటే అతి తొందరగా జరిగిపోతుంది. నా ఉద్దేశంలో తడి కంటే, తడిలో నిలబెట్టిన కరెంటే ఫోన్లను ఎక్కువగా పాడుచేస్తున్నది.

చాలామంది గమనించని సంగతి మరొకటి ఉన్నది. ఫోను చార్జింగును ఆపివేసిందంటే పోర్టులో వోల్టేజీ లేదని అర్థం కాదు. చార్జరు వైపు పాత వెడల్పాటి టైప్-ఎ, ఫోను వైపు టైప్-సి ఉన్న కేబుల్ అయితే, గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఆ కొసన 5 వోల్టులు ఉండనే ఉంటాయి. ఫోను ఆ విద్యుత్తును లోపలికి రానివ్వకపోయినా, తడి పిన్నుల మీద వోల్టేజీ మాత్రం రాత్రంతా నిలిచే ఉంటుంది. రెండు కొసలూ టైప్-సి అయిన పక్షంలో, అవతల ఫోను ఉన్నదని సీసీ పిన్ను ద్వారా తెలిసేదాకా చార్జరు వోల్టేజీని వదలదు, కాబట్టి అది కొంత నయం. హెచ్చరిక వచ్చినా “ఎప్పుడో ఒకప్పుడు అదే ఎక్కుతుందిలే” అని కేబుల్‌ను అలాగే వదిలి నిద్రపోవడం కంటే చెడ్డపని లేదు.

ఓఎంఆర్ రాత్రి షిఫ్టు:
మాష్టారు చెప్పినదానికి సాఫ్ట్‌వేరు వైపు నుంచి కొంత కలుపుతాను. అనేక ఫోన్లు పోర్టులోని పిన్నుల మధ్య నిరోధాన్ని అప్పుడప్పుడు కొలిచి, అది ఉండవలసినదాని కంటే పడిపోతే తడి ఉన్నదని నిర్ణయిస్తాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టంలోనే ఉన్నది, ఆ హెచ్చరికలో ద్రవంతో పాటు చెత్త మాట కూడా ఉంటుంది. ఆ చెత్త మాట ముఖ్యం, ఎందుకంటే నిరోధాన్ని కొలిచే చిప్పుకు నీటికీ, చెమ్మ పట్టిన జేబు నూగుకూ, చిలుముకూ తేడా తెలియదు.

అందువల్ల ముందు ఒక పరీక్ష చేయండి. కేబుల్ పెట్టకుండానే గుర్తు వస్తున్నదా, పెట్టినప్పుడే వస్తున్నదా అన్నది చూడండి. పెట్టినప్పుడే వస్తే, వానలో తడవని మరొక కేబుల్‌తో చూడండి. బ్యాగులో ఉన్న కేబుల్ కొసలో కూడా నీళ్ళు నిలుస్తాయి, జనం ఫోనును ఆరబెట్టి కేబుల్‌ను మరిచిపోతారు. మీది సామ్‌సంగ్ అయితే సెట్టింగ్సులోని యాప్స్ జాబితాలో సిస్టం యాప్స్‌ను కనిపించేలా చేసి, యూఎస్‌బీ సెట్టింగ్స్ అన్నదానిలో క్యాష్ (తాత్కాలికంగా దాచుకున్న సమాచారం) తుడిచి ఫోనును రీస్టార్టు చేస్తే, తడి ఆరిన తరువాత కూడా మొండిగా నిలిచిపోయిన హెచ్చరిక కొందరికి పోతున్నది. ఈ చిట్కా తడి ఆరినదన్న నమ్మకం కుదిరాకే వాడాలి. తడి ఉండగా హెచ్చరికను తుడిచివేస్తే కాపలావాడిని పంపేసి తలుపు తెరిచినట్టే.

స్విచాఫ్ చేసి చార్జింగు పెట్టడం గురించి: కొన్ని ఫోన్లలో అది పనిచేస్తుంది. పనిచేయడానికి కారణం తడి పోవడం కాదు, తడిని చూసే సాఫ్ట్‌వేరు నిద్రపోవడం. అత్యవసరమైతే, ఫోను వెనుక భాగం పొడిగా ఉంటే, వైర్‌లెస్ చార్జరు మీద పెట్టండి. అది పోర్టు జోలికి పోదు.

వేళచ్చేరి వాన:
ఇద్దరికీ ధన్యవాదాలు. కేబుల్ తీసేశాను. మాష్టారు గారు చెప్పినట్టు అది వెడల్పాటి నోటి పాత రకమే. మరొక కేబుల్‌తో చూసినా గుర్తు వచ్చింది, కాబట్టి లోపం పోర్టులోనే ఉన్నట్టున్నది. అయితే ఒక సందేహం. బయట గాలి తేమతో నిండి ఉన్న ఈ రోజుల్లో ఫ్యాను కింద పెట్టినా ఏం ఆరుతుంది? బట్టలే రెండు రోజులకు కూడా ఆరడం లేదు. బియ్యం సంగతి కూడా తేల్చండి, ఇంట్లో సమాధానం చెప్పాలి.

సర్క్యూటు మాష్టారు:
పిన్ని గారు నొచ్చుకోకూడదు, బియ్యం దండగ. బియ్యపు గింజ తన చుట్టూ ఉన్న గాలిలోని చెమ్మను కొంత పీల్చుకుంటుంది, కానీ పోర్టు మూలలో నిలిచిన చుక్కను బయటికి లాగే శక్తి దానికి లేదు. మూత పెట్టిన డబ్బాలో గాలి కదలదు, ఆరడానికి ముఖ్యంగా కావలసింది గాలి కదలికే. పైగా బియ్యం మీది తవుడు, పిండి పోర్టులో చేరి చెమ్మతో కలిసి గంజి కడతాయి. బియ్యపు రేణువులు ఫోనుకు హాని చేయవచ్చు కాబట్టి బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థ తన సూచనల్లోనే రాసింది. మీ ఇంటి ఫోన్లు బాగుపడ్డాయంటే, పిన్ని గారూ, రాత్రంతా వాటికి చార్జింగు పెట్టకుండా ఉన్నందుకు బాగుపడ్డాయి. ఆ మేరకు బియ్యానికి పుణ్యం దక్కుతుంది.

ఆపిల్ సూచనలు మిగతా టైప్-సి ఫోన్లకూ పనికివచ్చేవే: కేబుల్ తీసి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టి నీరు జారనివ్వాలి. గాలి ఆడే పొడి చోట కనీసం అరగంట ఉంచి మళ్ళీ ప్రయత్నించాలి. పూర్తిగా ఆరడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. దూది పుల్లలూ కాగితాలూ పోర్టులో దూర్చకూడదు, వేడీ కంప్రెసరు గాలీ వాడకూడదు. హెయిర్ డ్రయ్యరు వేడికి నీరు లోపలికి పోకుండా అతికించిన జిగురు మెత్తబడుతుంది. నోటితో ఊదడం అన్నిటికంటే అర్థం లేని పని, మన ఊపిరి నిండా తేమే.

మీ సందేహం న్యాయమైనది. బయట తేమ 85 శాతం ఉన్న గదిలో ఫ్యాను గాలిని కదుపుతుంది గాని పొడి చేయలేదు. ఏసీ గది వేరు. ఏసీ గాలిలోని నీటిని చల్లటి గొట్టాల మీద కూడగట్టి గొట్టం ద్వారా బయటికి పంపుతుంది. మిద్దె వెనుక కారే ఆ నీళ్ళు గదిలోని తేమే. కాబట్టి చెన్నైలో తడిసిన ఫోనుకు మంచి స్థలం ఏసీ వేసి తలుపులు మూసిన గది, అందులో ఫ్యాను గాలి తగిలే చోటు. అయితే ఏసీ గాలి నేరుగా తగిలేలా, ఫోను చల్లబడేలా పెట్టకూడదు. ఏసీ లేకపోతే, కొత్త బూట్లతో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కొన్ని వేసిన మూత డబ్బా రెండో దారి. అది బియ్యం కంటే ఎన్నో రెట్లు నయం. మిద్దె మీద ఎండలో మాత్రం పెట్టవద్దు. చాలా ఫోన్లకు 45 డిగ్రీలు దాటిన చోట ఉంచకూడదన్న నియమం ఉన్నది, మన ఎండలో నల్లటి ఫోను ఆ గీత సులువుగా దాటుతుంది.

రిచీ వీధి బెంచి:
నేను ఫోన్లు బాగుచేసే పనిలో ఉన్నాను. మాష్టారి మాటలన్నీ సరైనవే, కానీ రాత్రంతా ఆరిన తరువాత కూడా గుర్తు పోలేదంటే అది చాలాసార్లు తడి కాదు. నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ వాటికి పోర్టు అడుగున జేబు నూగు గట్టిపడి ఉంటుంది, లేదా వీబస్ పిన్ను నల్లబడి ఉంటుంది, లేదా పచ్చటి చిలుము కనిపిస్తుంది. నూగు చెమ్మను పట్టి ఉంచుతుంది, అందుకే వానాకాలంలోనే ఈ గోల.

నూగైతే సులువు. ఫోను స్విచాఫ్ చేసి, పలుచటి చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ పుల్లతోనో మధ్య నాలుకకు తగలకుండా అంచుల వెంట మెల్లగా లాగితే నూగు ఉండలాగా బయటికి వస్తుంది. పిన్నీసు, సూది, సిమ్ పిన్ను వాడవద్దు. మధ్యలో ఉన్న ఆ పలుచటి నాలుక మీదే పిన్నులు ఉంటాయి, అది విరిగితే పోర్టు మార్చడం తప్ప దారి లేదు. తడిగా ఉన్నప్పుడు పుల్ల పెట్టకూడదు, నూగు ఇంకా లోపలికి అదిమి కూర్చుంటుంది.

నల్లదనమో చిలుమో అయితే మేము 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలూ, మెత్తటి బ్రష్షూ వాడతాము. అది నీటితో కలిసి, నీటి కంటే తొందరగా ఆరిపోతుంది. ఇంట్లో ఉన్న శానిటైజరు దానికి బదులు కాదు, అందులో నీళ్ళూ గ్లిసరినూ ఉంటాయి. తాళాలకూ గడియలకూ కొట్టే నూనె స్ప్రే కూడా వద్దు, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని రెండు నెలలకు మళ్ళీ మా బెంచి మీదికే వస్తుంది. చిలుము పిన్నుల్ని తినేసి ఉంటే శుభ్రం చేసినా నిలవదు. చాలా ఫోన్లలో పోర్టు విడిగా చిన్న సబ్ బోర్డు మీద ఉంటుంది కాబట్టి ఆ బోర్డు మార్చితే చాలు. కొన్నింటిలో పోర్టును మెయిన్ బోర్డుకే టంకం వేసి ఉంటారు, ఆ పని చెయ్యి తిరిగినవాళ్ళకే ఇవ్వండి.

ఇంకొక మాట. ఫోనును ఒకసారి విప్పితే కంపెనీ అంటించిన సీలు పోతుంది. కొత్త జిగురు వేసి మూసినా ఐపీ68 అన్న మాట ఇక నమ్ముకోవద్దు.

బీసెంట్ నగర్ నడక:
ఐపీ68 మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అబ్బాయి ఇలియట్స్ బీచిలో అలల దగ్గర ఫోటోలు తీస్తుంటే ఫోను మీద అల పడింది. ఐపీ68 కదా ఏమీ కాదంటున్నాడు. ఫోను పనిచేస్తున్నది, ఇంకా చార్జింగుకు పెట్టలేదు. పొడి గుడ్డతో తుడిచి ఊరుకోవచ్చా?

సర్క్యూటు మాష్టారు:
ఊరుకోకూడదండీ. ఐపీ అంకెల వెనుక ఉన్నది ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం, ఆ పరీక్ష చేసేది మంచినీటిలో. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీరు ఆరితే నీరు మాత్రమే పోతుంది, ఉప్పు పిన్నుల మీదే స్ఫటికాలుగా మిగులుతుంది. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది కాబట్టి, మన ఊరి గాలిలో అది ప్రతి సాయంత్రం మళ్ళీ తడుస్తుంది. పొడిగా ఉన్నదనుకున్న పోర్టు వారం తరువాత ఉన్నట్టుండి చుక్క గుర్తు చూపడానికి ఇదొక కారణం. పైగా ఆ అంకె కొత్త ఫోనుకు ఇచ్చినది. కింద పడిన దెబ్బలతో, వయసుతో సీలు బలహీనపడుతుంది. నీటి వల్ల వచ్చిన నష్టాన్ని మామూలు వారంటీలు ఒప్పుకోవు.

ఐపీ67 గానీ ఐపీ68 గానీ ఉన్న ఫోనైతే, స్విచాఫ్ చేసి, సిమ్ ట్రే మూసే ఉన్నదని చూసుకుని, పోర్టును మంచినీటితో మెల్లగా కడిగి ఆరబెట్టండి. మంచినీరు కాని ద్రవం పడితే కడగమని తయారీదారులే చెబుతారు. కడగడానికి క్యాన్ నీళ్ళు వాడండి. తీరానికి దగ్గరి ఇళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగి ప్రయోజనం లేదు.

రిచీ వీధి బెంచి:
ఇక్కడ మాష్టారితో కొంచెం విభేదిస్తాను. కొత్త ఫోనైతే కడగండి. తెర ఒకసారి మార్చినదైనా, మూల పగిలినదైనా కడగవద్దు. ఉప్పు పోర్టులో ఉంటే పోర్టు పోతుంది, కడిగిన నీళ్ళు లోపలికి దిగితే ఫోనే పోతుంది. అలాంటి ఫోనును స్విచాఫ్ చేసి వెంటనే విప్పించి శుభ్రం చేయించడమే మేలు.

సర్క్యూటు మాష్టారు:
ఒప్పుకుంటున్నాను. నేను చెప్పినది ఒక్కసారి కూడా విప్పని ఫోనుకే వర్తిస్తుంది.

అన్నానగర్ సారథి:
నా సమస్య ఇంకా విచిత్రం. నేను క్యాబు నడుపుతాను. దారి చూపడానికి ఫోనును డాష్‌బోర్డు మీద ఏసీ వెంటుకు తగిలించే హోల్డరులో పెడతాను. వాన లేదు, నీళ్ళు తగల్లేదు, అయినా కొన్నిసార్లు కస్టమరు కోసం ఏసీ ఆపి అద్దాలు దించిన తరువాత చుక్క గుర్తు వస్తున్నది. షాపులో అడిగితే సాఫ్ట్‌వేరు లోపమన్నారు.

సర్క్యూటు మాష్టారు:
సారథి గారూ, మీ ఫోను నిజమే చెబుతున్నది, నీరు గాలిలో నుంచి వస్తున్నది. బయట 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నప్పుడు మంచు బిందువు దాదాపు 26 డిగ్రీలు, అంటే 26 కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదనైనా ఆ గాలిలోని తేమ నీరుగా పేరుకుంటుంది. వెంటు ముందున్న ఫోను మీద అంతకంటే చాలా చల్లటి గాలి గంటల తరబడి తగులుతుంది, పోర్టు చుట్టూ ఉన్న లోహం చల్లబడుతుంది, అద్దం దించగానే బయటి చెమ్మగాలి దాని మీద పడుతుంది. ఏసీ గదిలో నుంచి బయటికి రాగానే కళ్ళద్దాలు మసకబారేది కూడా ఇందువల్లే. హోల్డరును వెంటు నుంచి తీసి అద్దానికో డాష్‌బోర్డుకో అతికే రకం పెట్టండి. గుర్తు వచ్చినప్పుడు కేబుల్ తీసి, ఫోను చల్లదనం తగ్గేదాకా ఆగితే ఆ పలుచటి తడి తొందరగానే పోతుంది.

అన్నానగర్ సారథి:
అర్థమైంది సార్. కేబుల్ రోజంతా పెట్టే ఉంటుంది, అదే ఇబ్బంది. హోల్డరు ఇవాళే మారుస్తాను.

వేళచ్చేరి వాన:
నా ఫోను సంగతి తేలింది. రాత్రి ఏసీ గదిలో ఉంచి, పొద్దున చెక్క పుల్లతో చూస్తే పోర్టు మూల నుంచి బూడిదరంగు నూగు వచ్చింది. అది తీశాక కేబుల్ లేనప్పుడు గుర్తు రావడం లేదు, కానీ కేబుల్ పెట్టిన కొంతసేపటికి మళ్ళీ వస్తున్నది. దుకాణంలో చూపిస్తే ఒక పిన్ను నల్లబడి ఉన్నదని భూతద్దంలో చూపించారు. పాత కేబుల్ కొసలో కూడా సరిగ్గా అదే చోట నల్లటి మచ్చ ఉన్నది. సబ్ బోర్డు మార్చమంటున్నారు. కేబుల్ కూడా మార్చాలా, అది వేరే ఫోనుకు బాగానే పనిచేస్తున్నది?

రిచీ వీధి బెంచి:
కేబుల్ తప్పకుండా పారేయండి. నల్లబడిన కొస సరిగా ఆనదు, ఆనని చోట నిరోధం పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడికి కొత్త పోర్టులోని పిన్ను కూడా నల్లబడుతుంది. కొత్త బోర్డు వేయించుకుని పాత కేబుల్‌తో కొద్ది నెలలకే తిరిగి వచ్చినవాళ్ళను చూశాను. ఇప్పుడు వేరే ఫోనుకు పనిచేస్తున్నదన్నారు కదా, ఆ ఫోనుకు కూడా పెట్టవద్దు. కొత్తది కొనేటప్పుడు రెండు కొసలూ టైప్-సి ఉన్న చార్జరూ కేబులూ తీసుకుంటే మాష్టారు చెప్పిన వోల్టేజీ బెడద కూడా తగ్గుతుంది. బోర్డు మార్చేటప్పుడు మీ మోడల్‌దేనా, వేగపు చార్జింగు పనిచేస్తున్నదా అన్నది దుకాణంలో ఉండగానే పెట్టి చూసుకోండి. కొన్ని నకిలీ బోర్డులు మామూలు చార్జింగు వరకే పనిచేస్తాయి.

పెరంబూరు పిన్ని:
సరే, బియ్యం వండుకోవడానికే ఉంచుకుంటాము. మా మనవడు ఆన్‌లైనులో పోర్టుకు పెట్టే రబ్బరు మూతలు, అయస్కాంతంతో అతుక్కునే చార్జింగు ముక్కలు తెప్పిస్తానంటున్నాడు. అవి పెడితే తడి రాదా?

రిచీ వీధి బెంచి:
రబ్బరు మూత పొడి పోర్టుకు పెడితే దుమ్మును, నూగును ఆపుతుంది పిన్ని గారూ, అది మంచిదే. తడిసిన పోర్టుకు పెడితే ఆ తడిని లోపలే బంధిస్తుంది, కాబట్టి వానలో తడిసి వచ్చిన వెంటనే మూత తీసి ఆరనివ్వాలి. అయస్కాంతపు ముక్క మాత్రం వద్దనండి. అది ఎప్పుడూ పోర్టులోనే ఉంటుంది, దాని వెనుక చేరిన చెమ్మ కనబడదు, బయటికి తేలి ఉన్న దాని పిన్నులకు చెమట తగులుతుంది, పైగా ఇనుప రజను కూడా అతుక్కుంటుంది. అవి వాడిన ఫోన్లు మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ ముక్కను తీయడానికే పట్టకారు కావలసి వస్తున్నది.